బరువు తగ్గాకే ఆపరేషనా?

పరకాల వైపు నుంచి ఒక అంగన్‌వాడీ టీచరు రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ బయటపెట్టవద్దన్నారు కాబట్టి గుర్తుపట్టే వివరాలు తీసేసి సారాంశం చెబుతాను.

ఆమెకు 54 ఏళ్లు. నెలసరి ఆగిపోయి నాలుగేళ్లయింది. కిందటేడు మళ్లీ రక్తం కనిపించింది. మొదట చుక్కలే. పోనుపోను పని మధ్యలో ఇంటికి వెళ్లి బట్టలు మార్చుకోవాల్సి వచ్చేది. ఊళ్లో చూపించుకుంటే రక్తం కట్టే మాత్రలు ఇచ్చారు. ఆగేది, కొన్నాళ్లకు మళ్లీ మొదలయ్యేది. చివరికి హనుమకొండలో ఒక గైనకాలజిస్టు స్కానింగ్ చేసి, గర్భసంచి లోపలి పొర మందంగా ఉందని చెప్పి, ముక్క తీసి పరీక్షకు పంపారు. లోపలి పొరకు వచ్చే క్యాన్సర్, ఎండోమెట్రియాయిడ్ రకం, గ్రేడ్ 1 అని తేలింది. గర్భసంచి కండరంలోకి సగం కంటే తక్కువ లోతుకే దిగిందనీ, బయటికి పాకిన జాడ లేదనీ ఎంఆర్‌ఐ చెబుతోంది. బయాప్సీ రిపోర్టు వచ్చి మూడు వారాలు.

ఆమె బరువు 122 కిలోలు, ఎత్తు 153 సెంటీమీటర్లు. తొమ్మిదేళ్లుగా షుగర్, బీపీ ఉన్నాయి. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ 9.1, హిమోగ్లోబిన్ 8.6. గురక పక్క గదికి వినిపిస్తుందనీ, నిద్రలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడి లేస్తుందనీ భర్త అంటారట. రెండూ మామూలు కాన్పులే.

మొదట కలిసిన సర్జన్ “30 కిలోలు తగ్గి రండి, ఈ ఒంటికి మత్తు ఇస్తే టేబుల్ మీదే ప్రాణం పోతుంది” అన్నారు. హైదరాబాద్‌లో ఇంకొకరు రోబోతో చేయవచ్చన్నారు కానీ, అక్కడ చెప్పిన ఖర్చు వినగానే భర్త లేచి వచ్చేశారు. ఇంట్లో తలా ఒక మాట. కత్తి పడకుండా కరెంటు, అంటే రేడియేషన్, పెట్టిద్దామని భర్త. వారానికోసారి వేసుకునే ఇంజెక్షన్‌తో ఆరు నెలల్లో సన్నబడవచ్చని కొడుకు. కషాయంతో గడ్డలు కరుగుతాయని ఆడబిడ్డ. రంధ్రాలు పెట్టి చేసే ఆపరేషన్‌తో క్యాన్సర్ పాకుతుందని ఫోన్లో చదివిన మేనల్లుడు. తమ్ముడేమో అక్కకు నయమైతే మేడారంలో ఎత్తు బంగారం, అంటే ఆమె బరువుకు సరితూగే బెల్లం, ఇస్తానని మొక్కుకున్నాడు. అంతమంది ముందు తక్కెడలో కూర్చోవాలన్న ఆలోచనకే ఆమెకు చెమటలు పడుతున్నాయి.

“స్కానింగ్ దగ్గర బల్ల విరుగుతుందేమో అని ఒకతను నవ్వాడు. నేను ప్రతి నెలా పిల్లల బరువు తూచి రిజిస్టరులో రాసే మనిషిని. నా బరువు ఎవరైనా పైకి చదివితే భూమి చీలి లోపలికి పోవాలనిపిస్తుంది. నా నోటి వల్లే ఈ జబ్బు తెచ్చుకున్నాను” అని రాశారు. ఇన్ని పేజీల తర్వాత, సంతకానికి ముందు ఒక్క వాక్యం: “నాలుగు నెలల్లో మా అమ్మాయి పెళ్లి, దానికి ఇంకా చెప్పలేదు, పెళ్లయ్యేదాకా ఆగవచ్చా?”

అమ్మా, మీ సర్జన్ మాటతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఇంట్లోని గందరగోళమంతా అక్కడే పుట్టింది. “తగ్గి రండి” అన్న ఆ మాటలో రెండు సంగతులు కలిసిపోయాయి. ఈ బరువున్న మనిషికి ఈ ఆసుపత్రిలో నేను చేయలేను అన్నది ఒకటి. అది నిజమే కావచ్చు. ఆయన దగ్గర అంత బరువు మోసే టేబుల్ ఉండకపోవచ్చు, కష్టమైన మత్తుకు అలవాటుపడిన డాక్టరు ఉండకపోవచ్చు. చేతకానిది చేతకాదని చెప్పిన డాక్టరును నేను తప్పుపట్టను. రెండోది, తగ్గేదాకా మీకు ఎక్కడా ఎవరూ చేయరు అన్న అర్థం. అది నిజం కాదు. “నా దగ్గర కుదరదు, ఫలానా చోటికి వెళ్లండి” అని ఒక కాగితం రాసి ఇవ్వాల్సిన చోట, బరువు తగ్గే పని మీ నెత్తిన పెట్టి పంపారు. ఆ కాగితం ఇప్పుడైనా అడిగి రాయించుకోండి.

పైగా ఆ 30 కిలోల లెక్క చూడండి. మీ అబ్బాయి చెబుతున్న వారపు ఇంజెక్షన్లు మంచి మందులే, నేను వాటికి విరోధిని కాను. వాటిలో బాగా పేరున్న సెమాగ్లుటైడ్ మీద జరిగిన పెద్ద అధ్యయనంలో, పూర్తి మోతాదు వాడినవారు 68 వారాల్లో సగటున 15 శాతం దాకా బరువు తగ్గారు. మీ 122 కిలోల్లో 15 శాతం అంటే 18 కిలోలు, అదీ ఏడాది దాటాక. అన్నీ కలిసొచ్చినా ఆ సర్జన్ అడిగిన అంకెకు మీరు ఆరు నెలల్లో చేరుకోరు. ఈలోగా క్యాన్సర్ మీ కోసం ఆగి కూర్చోదు. గ్రేడ్ 1 నెమ్మదిగా పెరిగే రకమే, రేపటికి రేపు ముంచుకొచ్చేది కాదు. కానీ జబ్బు తేలాక ఆరు నుంచి ఎనిమిది వారాల లోపు ఆపరేషన్ జరగడం మంచిదని క్యాన్సర్ డాక్టర్లు చూస్తారు, అంతకు మించి ఆలస్యమైనకొద్దీ ఫలితాలు తగ్గుతాయి. మీకు మూడు వారాలు అప్పుడే గడిచిపోయాయి.

“నా నోటి వల్లే” అన్నారు. జరిగేదేమిటో తెలిస్తే ఆ మాట అంత సులువుగా అనరు. నెలసరి ఆగాక అండాశయాలు ఈస్ట్రోజన్ తయారీ మానేస్తాయి. ఒంట్లోని కొవ్వు మానదు. మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథులు పంపే హార్మోన్లను అది ఈస్ట్రోజన్‌గా మారుస్తూనే ఉంటుంది. కొవ్వు ఎంత ఎక్కువైతే ఈస్ట్రోజన్ అంత ఎక్కువ. దాన్ని అదుపు చేయాల్సిన ప్రొజెస్టిరాన్ అప్పటికి లేదు. ఎదురు లేని ఈస్ట్రోజన్ గర్భసంచి లోపలి పొరను పెంచుతూ పోతుంది, ఏళ్ల తరబడి అలా పెరిగిన పొరలో కొన్ని కణాలు దారి తప్పుతాయి. షుగర్ దీనికి తోడు. ఒంటి బరువుతో ఇంత దగ్గరి సంబంధం ఉన్న క్యాన్సర్ మరొకటి దాదాపు లేదు, దాచి లాభం లేదు. కానీ ఆ బరువు ఒక్క నోటితో రాదు. పుట్టుకతో వచ్చే శరీర తత్వం, కాన్పులు, కొన్ని మందులు, సరిగా పట్టని నిద్ర, గంటల తరబడి కూర్చుని చేసే పని, అన్నీ అందులో ఉన్నాయి. ఇంకో సంగతి ఎవరూ మీకు చెప్పినట్టు లేదు. బరువుతో ముడిపడి వచ్చే ఈ రకం సాధారణంగా మెత్తని రకం. రక్తం రూపంలో తొందరగా బయటపడుతుంది, చాలామందికి గర్భసంచి దాటకముందే దొరుకుతుంది, ఆ దశలో ఆపరేషన్‌తో నయమయ్యే అవకాశం చాలా ఎక్కువ. మీ రిపోర్టు ఆ కోవలోదే. మీరు మాత్రలతో గడిపిన నెలల గురించి ఇక తలచుకోకండి. ఇది చదువుతున్న మిగతా ఆడవాళ్లు మాత్రం గుర్తుపెట్టుకోవాలి: నెలసరి ఆగి ఏడాది దాటాక ఒక్క చుక్క కనిపించినా మాత్రలతో సరిపెట్టకుండా స్కానింగ్, అవసరమైతే బయాప్సీ చేయించుకోవాలి.

ఇక అసలు భయం, టేబుల్ మీద ప్రాణం పోవడం. మీ సర్జన్ చెప్పిన ప్రమాదం గాలి మాట కాదు, అందుకే విడమరిచి చెబుతాను. బరువును మీటర్లలోని ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకె బీఎంఐ. 40 దాటితే తీవ్ర ఊబకాయం అంటారు, మీది 52. ఇంత బరువున్నవారిని వెల్లకిలా పడుకోబెట్టి మత్తు ఇస్తే ఊపిరితిత్తులు పూర్తిగా విచ్చుకోవు, ఆక్సిజన్ త్వరగా పడిపోతుంది, గొంతులోకి గొట్టం వేయడం కష్టం కావచ్చు. ల్యాపరోస్కోపీ అయితే పొట్టలోకి గ్యాస్ నింపి తల కిందికి, కాళ్లు పైకి ఉండేలా టేబుల్ వంచుతారు, పొట్ట బరువంతా ఊపిరితిత్తుల మీదికి జరుగుతుంది. పొట్ట కోసి చేస్తే ఆ ఇబ్బంది తక్కువ. కానీ మందమైన కొవ్వు పొరలో గాయం మానడానికి వారాలు పడుతుంది, చీము పట్టడం, కుట్లు విడిపోవడం మామూలు. షుగర్ 9.1 దగ్గర ఉంటే ఇంకా ఎక్కువ. నొప్పితో మంచం దిగకపోతే కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరవచ్చు. క్యాన్సర్, బరువు, ఆపరేషన్ మూడూ ఆ గడ్డలను పెంచేవే.

ఇన్ని చెప్పి మిమ్మల్ని భయపెట్టాలని కాదు. వీటిలో ప్రతిదానికీ ముందే చేసుకునే ఏర్పాటు ఒకటుంది. ఏర్పాట్లు ఉన్నచోట మీలాంటివారికి ఆపరేషన్లు జరుగుతూనే ఉన్నాయి. కాబట్టి మీరు అడగాల్సింది నేను ఎప్పుడు తగ్గుతాను అని కాదు, ఈ బరువుతో ఉన్న నాకు ఎవరు, ఎక్కడ చేయగలరు అని.

మీ ముందున్న దారులు ఒక్కొక్కటే చూద్దాం.

చిన్న రంధ్రాలతో, ల్యాపరోస్కోపీ ద్వారానో రోబో సాయంతోనో గర్భసంచి, రెండు నాళాలు, రెండు అండాశయాలు తీయడం మొదటిది. కుదిరితే నాకు నచ్చే దారి ఇదే. గాయం చిన్నది, మరునాడే నడిపిస్తారు, చీము బాధ తక్కువ. క్యాన్సర్ పాకుతుందన్న మీ మేనల్లుడి భయానికి ఆధారం ఉంది, అయితే అది వేరే క్యాన్సర్‌ది. 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో గర్భసంచి ముఖద్వార క్యాన్సర్‌కు రంధ్రాలతో చేసిన ఆపరేషన్ ఫలితాలు పొట్ట కోసి చేసినదాని కంటే అధ్వానంగా వచ్చాయి. మీది ముఖద్వారం కాదు, లోపలి పొర. దీని మీద ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, హాంకాంగ్‌లలో 760 మందితో చేసిన అధ్యయనం 2017లో వెలువడింది. నాలుగున్నరేళ్ల తర్వాత జబ్బు తిరగబెట్టకుండా ఉన్నవారు రెండు పద్ధతుల్లోనూ 81 శాతం చొప్పునే ఉన్నారు. అబ్బాయిని మందలించకండి. చదివింది నిజమే, రెండు జబ్బులు కలిసిపోయాయి.

ఈ దారిలో ఇబ్బంది ఒకటుంది. మొదలుపెట్టాక కుదరక, మధ్యలో పొట్ట కోయాల్సి రావడం. అమెరికాలో 2,600 మందికి పైగా రోగులతో జరిగిన పెద్ద అధ్యయనంలో ల్యాపరోస్కోపీతో మొదలుపెట్టిన నలుగురిలో ఒకరికి అలా జరిగింది, బీఎంఐ 40 దాటినవారిలో సగానికి మించి జరిగింది. ఆ ఆపరేషన్లు 1996, 2005 మధ్య చేసినవి. ఇప్పుడు పరికరాలూ చేతులూ మెరుగయ్యాయి, లావుగా ఉన్నవారిలో రోబో వాడితే పొట్ట కోయాల్సి రావడం తగ్గుతోంది. అయినా సంతకం పెట్టే కాగితంలో ఆ అవకాశం ఉంటుంది. మెలకువ వచ్చేసరికి పొడవాటి కుట్లు కనిపిస్తే మోసం జరిగిందనుకోకూడదని ముందే చెబుతున్నాను. శోషగ్రంథుల (లింఫ్ నోడ్ల) సంగతి కూడా అడగండి. పచ్చని కాంతితో మెరిసే రంగు ఎక్కించి, క్యాన్సర్ మొదట చేరే గ్రంథిని మాత్రమే తీసి చూసే పద్ధతి ఉంది. అన్ని గ్రంథులూ తీసేస్తే వచ్చే కాళ్ల వాపు దానితో బాగా తగ్గుతుంది. బరువెక్కువైనవారిలో ఆ రంగు ఒక్కోసారి సరిగా చేరదు. “చేరకపోతే ఏం చేస్తారు?” అన్న ప్రశ్నకు సర్జన్ దగ్గర ముందే జవాబు ఉండాలి.

పొట్ట కోసి చేసేది రెండోది. ల్యాపరోస్కోపీ కోసం తల కిందికి ఉండేలా టేబుల్ వంచడాన్ని మీ ఊపిరితిత్తులు తట్టుకోకపోతే ఇదే మార్గం. క్యాన్సర్ పరంగా ఏ లోటూ లేదు, ఇబ్బందంతా గాయానిదే. అనుభవం ఉన్నవారు వేలాడే పొట్ట ముడత కింద, ఎప్పుడూ చెమటతో తడిగా ఉండే చోట కోయరు, పైకి జరిపి కోస్తారు. ఎక్కడ కోస్తారో అడగడానికి మొహమాటపడకండి.

కింది నుంచి, యోని మార్గంలో గర్భసంచి తీయడం ఇంకొకటి. పాత తరం సర్జన్లకు బాగా అలవాటైన పని. పొట్ట మీద గాయమే ఉండదు, వెన్నుకు మత్తుతో చేయవచ్చు, మామూలు కాన్పులు అయినవారికి సులువు. శోషగ్రంథులను చూడటం కుదరదు, అండాశయాలు అందకపోవచ్చు. పూర్తి మత్తు మీకు బొత్తిగా పనికిరాదని తేలితే, గ్రేడ్ 1 కాబట్టి, ఇది అడిగి చూడదగ్గ దారి. ఎందుకో ఈ మధ్య డాక్టర్లే దీన్ని మరిచిపోతున్నారు.

భర్త చెబుతున్న కరెంటు గురించి. రేడియేషన్ ఉత్తదేమీ కాదు, ఆపరేషన్ అసలే కుదరనివారికి గర్భసంచి లోపల రేడియోధార్మిక మూలకం ఉంచి ఇచ్చే చికిత్సతో చాలామందికి జబ్బు అదుపులోకి వస్తుంది. అయితే ఆపరేషన్ తట్టుకోగలిగిన మనిషికి అది రెండో స్థానమే. గర్భసంచి లోపలే ఉండిపోతుంది, ఎంత లోతుకు దిగిందో కచ్చితంగా తెలియదు, తిరగబెట్టే అవకాశం ఎక్కువ. లావుగా ఉండటం వల్ల కత్తి వద్దనుకుంటున్నారు గానీ, బయటి నుంచి ఇచ్చే రేడియేషన్‌కూ లావు అడ్డమే. చర్మం మీద పెట్టిన గుర్తులు పొట్ట ముడతలతో పాటు రోజూ కదిలిపోతాయి, బల్లకు బరువు పరిమితి ఉంటుంది. పైగా వారాల తరబడి హైదరాబాద్‌లో మకాం. ఆయన భయం మీ ప్రాణం గురించి. ఆ భయాన్ని తీసుకెళ్లి మత్తు డాక్టరు ముందు కూర్చోబెట్టండి, నా జవాబు కంటే అది మేలు చేస్తుంది.

మధ్యేమార్గం ఒకటుంది. ప్రొజెస్టిరాన్ లాంటి హార్మోన్‌ను కొద్దికొద్దిగా వదిలే చిన్న పరికరాన్ని గర్భసంచిలో అమర్చడం. పిల్లలు పుట్టకుండా వేసే లూప్ లాంటిదే. గ్రేడ్ 1 క్యాన్సర్‌లో, ఆరు నెలల్లో సగానికి అటూ ఇటూ మందిలో జబ్బు కనిపించకుండా పోతుంది. మిగతా సగంలో ఉండిపోతుంది. మూడు నెలలకోసారి మళ్లీ ముక్క తీసి చూడాలి. ఎప్పటికీ దీని మీదే ఉండమని మీకు చెప్పను. కానీ గుండె పరీక్షలో ఏదైనా బయటపడి ఆపరేషన్ రెండు మూడు నెలలు వాయిదా పడితే, ఆ సమయం ఖాళీగా పోకుండా ఇది కాపు కాస్తుంది, రక్తస్రావాన్నీ తగ్గిస్తుంది. ఇదే హార్మోన్‌ను మాత్రలుగా ఇస్తే ఆకలి, బరువు, రక్తం గడ్డలు పెరుగుతాయి. మీకు ఆ మూడూ వద్దు.

కషాయం గురించి ఒక్క ముక్క. ఆడబిడ్డ ప్రేమ కాదనను, కానీ అది ఆపరేషన్‌కు బదులు కాదు. తోడుగా కూడా వద్దు, ఏం కలుస్తుందో తెలియనిది ఆపరేషన్‌కు ముందు కాలేయం మీదా రక్తం మీదా ఏం చేస్తుందో చెప్పలేం.

ఆపరేషన్‌కు ముందున్న ఈ రెండు మూడు వారాలు చాలా విలువైనవి, ఇక్కడే మీ చేతిలో పనుంది. షుగర్ 9.1 ఉందని నెలల తరబడి వాయిదా వేయనక్కర్లేదు. అవసరమైతే ఇన్సులిన్‌తో రెండు వారాల్లో రోజువారీ అంకెలను దారికి తేవచ్చు. ఆపరేషన్ సమయంలో రక్తంలో షుగర్ 180 దాటకుండా చూస్తే గాయం మాట వింటుంది. హిమోగ్లోబిన్ 8.6కి ఐరన్ మాత్రలు ఇప్పుడు చాలవు, నరం ద్వారా ఎక్కించే ఐరన్ అడగండి. ఆ గురకను నవ్వులాటగా తీసుకోకండి. మీరు చెప్పిన లక్షణాలు నిద్రలో శ్వాస ఆగే జబ్బువి. నిద్ర పరీక్ష చేయించుకుని, ముక్కుకు మాస్కు పెట్టి గాలి ఇచ్చే సీపాప్ యంత్రం అవసరమంటే ఇప్పటి నుంచే అలవాటు చేసుకోండి, ఆసుపత్రికి వెంట తీసుకెళ్లండి. ఆపరేషన్ తర్వాతి రాత్రి, నొప్పి మందుల మత్తులో, మిమ్మల్ని కాపాడేది అదే. ఈసీజీ, గుండె ఎకో ఎలాగూ చేస్తారు. మందుల చీటీ మొత్తం మత్తు డాక్టరుకు చూపించాలి. షుగర్‌కు డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మందు వాడుతుంటే కనీసం మూడు రోజుల ముందు ఆపిస్తారు. కొడుకు చెప్పిన వారపు ఇంజెక్షన్ ఈపాటికే మొదలుపెట్టి ఉంటే అది తప్పక చెప్పాలి. దానివల్ల కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది, మత్తులో ఉండగా తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. ఇక రోజూ కాసేపు నడక, దీర్ఘంగా ఊపిరి పీల్చి వదలడం. ఈ మూడు వారాల్లో రెండు కిలోలు తగ్గితే మంచిదే, తగ్గకపోయినా తేదీ మార్చవద్దు.

ఎక్కడ అన్నదానికి వస్తాను. వరంగల్ ఎంజీఎం ప్రభుత్వ ఆసుపత్రిలో ఒకసారి చూపించుకోండి, అక్కడ కాకపోయినా సరైన చోటికి పంపే కాగితం దొరుకుతుంది. హైదరాబాద్‌లో రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి, పంజాగుట్టలోని నిమ్స్ ప్రభుత్వ రంగంలోవే. ఎంఎన్‌జేలో రోజూ చూసేది క్యాన్సర్లే. నిమ్స్‌లో గుండె, ఊపిరితిత్తులు, మత్తు విభాగాలన్నీ ఒకే ఆవరణలో ఉండటం మీలాంటి శరీర స్థితికి కలిసొచ్చే సంగతి, రోబో యంత్రం కూడా ఉంది. ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో కుటుంబానికి ఏడాదికి 10 లక్షల రూపాయలకు పెంచారు. మీకు కార్డు ఉంటే, మీవారు ఆ ప్రైవేటు ఆసుపత్రి అంకె విని లేచి వచ్చినంత మాత్రాన కథ ముగిసిపోలేదు. ఏ పద్ధతి దాని కిందికి వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను అడిగి తెలుసుకోండి. రోబో దాని కిందికి రాకపోతే మామూలు ల్యాపరోస్కోపీ చాలు. యంత్రం కంటే దాన్ని పట్టుకునే చేతి అనుభవం ముఖ్యం.

సర్జన్‌ను కలిసినప్పుడు సూటిగా అడగండి. బీఎంఐ 50 దాటినవారికి మీరు ఎంతమందికి చేశారు? మీ టేబుల్ ఎంత బరువు మోస్తుంది? మత్తు డాక్టరు ముందుగా ఒకసారి నన్ను చూస్తారా? ఆ రాత్రికి ఐసీయూ పడక ఉంచుతారా? మీ బరువు 120 దాటింది కాబట్టి ఆపరేషన్‌కు ముందు ఇచ్చే యాంటీబయాటిక్ మోతాదు కూడా మామూలుగా ఉండకూడదు. సెఫజోలిన్ అయితే 2 గ్రాములకు బదులు 3 గ్రాములు ఇస్తారు. రక్తం గడ్డకట్టకుండా పొట్ట మీద వేసే ఇంజెక్షన్ కూడా బరువును బట్టే, దాన్ని ఇంటికి వచ్చాక కూడా 28 రోజుల దాకా కొనసాగిస్తారా అని అడగండి. ఊళ్లో ఏఎన్‌ఎం వేస్తారు, మీకు తెలిసినవారే కదా. ఈ ప్రశ్నలకు చిరాకుపడే డాక్టరు మీకు సరైన డాక్టరు కాదు.

ఈ లెక్కలన్నీ మీ బరువు సరిగ్గా తూస్తేనే కుదురుతాయని గమనించారా? మీరు పిల్లాడిని తూచి రిజిస్టరులో రాసేది వాడిని తిట్టడానికి కాదు, వాడికి ఎంత పెట్టాలో తెలుసుకోవడానికి. మీ అంకె కూడా మందు మోతాదు కోసమే. ఆ స్కానింగ్ గదిలో నవ్వినవాడు తన పని తెలియనివాడు. మళ్లీ అలా జరిగితే అక్కడే ఉన్న డాక్టరుకు, లేదంటే రాతపూర్వకంగా సూపరింటెండెంటుకు చెప్పండి. తూచేటప్పుడు గదిలో మిగతావారిని బయటికి పంపమని అడిగే హక్కు మీకుంది. మేడారం మొక్కు తొందరేమీ లేదు. తమ్ముడు మీ బరువు అంకె రాసుకుపోయి అంత బెల్లం కొంటే సరిపోతుంది, మీరు తక్కెడ ఎక్కనక్కర్లేదు. ఆ బెల్లం మీరు తినకుండా అందరికీ పంచితే ఇంకా మంచిది.

ఇప్పుడు పెళ్లి. ఆగితే ఏమవుతుందో చూద్దాం. నాలుగు నెలలు ఆగి, పెళ్లి పనుల్లో ఇంకో నెల పోయి, ఆపై ఆసుపత్రుల చుట్టూ తిరిగేసరికి రోగం తేలి ఆరు నెలలు. ఈలోగా రక్తం పోతూనే ఉంటుంది, హిమోగ్లోబిన్ 8.6 నుంచి ఇంకా దిగుతుంది. ఇప్పుడు సగం లోతు కూడా దిగని జబ్బు అప్పటికి ఎంత దిగుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. సగం దాటితే ఆపరేషన్ తర్వాత రేడియేషన్ అవసరం పెరుగుతుంది. రానున్న మూడు నాలుగు వారాల్లో చేయించుకుంటే రంధ్రాల పద్ధతిలో నెలా నెలన్నరలో, పొట్ట కోస్తే రెండు నెలల్లో తిరిగి తేరుకుంటారు. ఒకవేళ తుది రిపోర్టు చూసి రేడియేషన్ ఇవ్వాలన్నా, ఈ దశలో ఎక్కువగా లోపలి నుంచి కొద్ది విడతలుగా ఇచ్చేదే. పెళ్లినాటికి మీరు బరువులెత్తరు, వంటల దగ్గర నిలబడరు, కానీ పీటల మీద కూర్చుంటారు. ముహూర్తం మార్చాల్సిన అవసరం నాకు కనిపించడం లేదు.

మగపెళ్లివారికి చెప్పాలా వద్దా అన్నది మీ కుటుంబం తేల్చుకోవాల్సిన సంగతి. చెబితే ఒకరిద్దరు నోరు జారవచ్చు, చెప్పకపోతే పెళ్లయ్యాక తెలిసి మీ అమ్మాయి సంజాయిషీ ఇచ్చుకోవాల్సి రావచ్చు. రెండో భారం ఆ పిల్ల మీద పడుతుంది కాబట్టి, ఆ నిర్ణయంలో మొదటి మాట ఆమెదే కావాలని నా అభిప్రాయం. అందుకు ముందు ఆమెకు తెలియాలి కదా. వంశపారంపర్యమని ఎవరైనా అంటారని భయముంటే, చాలామందిలో ఈ క్యాన్సర్ తల్లి నుంచి కూతురికి వచ్చేది కాదు. కొద్దిమందిలో లించ్ సిండ్రోమ్ అనే జన్యులోపం వల్ల వస్తుంది, మీ కణితి ముక్క మీదే ఎంఎంఆర్ పరీక్ష చేస్తే ఆ అనుమానం ఉందో లేదో తెలుస్తుంది. ఆ పరీక్ష తప్పక అడగండి. అనుమానం నిజమై లించ్ అని నిర్ధారణ అయితే మీ అమ్మాయి, అబ్బాయి ఇద్దరూ తగిన వయసు నుంచి పరీక్షలు చేయించుకుంటూ జాగ్రత్తపడవచ్చు.

అమ్మాయికి ఫోన్లో చెప్పకండి, ఇంటికి పిలిపించి చెప్పండి. మూడు వారాలు దాచినందుకు కోపగించుకుంటుంది, కోపగించుకోనివ్వండి. హైదరాబాద్ వెళ్లేటప్పుడు మీవారితో పాటు ఆమెనూ తీసుకెళ్లండి, మీరు అడగడం మరిచిపోయినవి ఆమె అడుగుతుంది. వెళ్లే ముందు హనుమకొండ ల్యాబు నుంచి బయాప్సీ స్లైడ్లు, మైనం బ్లాకు, ఎంఆర్‌ఐ సీడీ అడిగి తెచ్చుకోవాలి. పెద్ద ఆసుపత్రుల్లో కాగితం ఒక్కటే చూసి ఒప్పుకోరు, స్లైడ్లు మళ్లీ చూస్తారు. అవి లేకపోతే ఇంకో వారం అక్కడే పోతుంది. కాజీపేట నుంచి రైలులో వెళ్లండి, మధ్యలో లేచి నాలుగడుగులు వేయడానికి వీలుంటుంది. ఈలోగా గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం పోయినా, కళ్లు తిరిగినా, ఒక కాలు హఠాత్తుగా వాచి నొప్పిపెట్టినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు ఎంజీఎం అత్యవసర విభాగానికి వెళ్లండి.